మా వాకిట్లో పడవ

ఓడలు బళ్ళవుతాయి, బళ్ళు ఓడలవుతాయి అంటారు. ఓడే బండెక్కి ఇంటికి రావడం మాత్రం నేను నా కళ్ళతో చూశాను. 2022 నవంబరులో ఒక శనివారం సాయంత్రం వంటింట్లో పప్పుకి తాలింపు వేస్తుంటే బయట ట్రక్కు ఆగిన చప్పుడైంది. కిటికీలోంచి తొంగిచూస్తే, వీధి దీపం వెలుగులో, మా గ్యారేజీ వైపు ముక్కు పెట్టుకుని ట్రెయిలర్ మీద ఒక పడవ! దాని నిండా ఎండుటాకులు, పిట్టల రెట్టలు. పక్కన మావారు. పెళ్ళిపీటల మీద కూడా ఆయన మొహంలో అంత సంబరం చూడలేదు.

"తొమ్మిదొందల డాలర్లే!" అన్నారు.

"ఊరికే ఇచ్చినా వద్దనాల్సింది" అన్నాను.

మేముండేది అమెరికాలో, డాలస్ ఊరి శివార్లలో. సముద్రం ఇక్కడికి నాలుగైదు గంటల దారి. కానీ చుట్టూ పెద్ద పెద్ద చెరువులున్నాయి. నదులకి ఆనకట్టలు కట్టగా ఏర్పడ్డ జలాశయాలు. సెలవు రోజుల్లో లూయిస్‌విల్ లేక్ గట్టున నిలబడితే తెల్లటి తెరచాపలు కొంగల్లా కనిపిస్తాయి. ఆఫీసులో ఎవరో ఒకసారి తమ పడవలో తిప్పి తీసుకొచ్చారు. అప్పట్నుంచి మావారికి ఆ పిచ్చి పట్టుకుంది.

తెచ్చిన పడవ పేరు కాటలినా 22. ఫ్రాంక్ బట్లర్ అనే ఆయన రూపకల్పన చేసిన రకం. 1969లో మొదలుపెట్టి పదిహేను వేలకి పైగా తయారుచేశారట. మాది 1978 నాటిది, అంటే నాకంటే పెద్దది. పొడవు ఇరవై రెండడుగులకి ఓ అర అడుగు తక్కువ. బరువు వెయ్యి కిలోలకి కాస్త ఎక్కువ. అందులో పావు వంతు, అంటే దాదాపు 250 కిలోలు, పడవ అడుగున వేలాడే పోత ఇనుప పలకదే. దాన్ని కీల్ అంటారు. గాలికి పడవ పక్కకి ఒరిగిపోకుండా కాపాడేది అదే. లోతు తక్కువైనచోట లోపల ఉన్న చక్రం తిప్పితే ఆ పలక తీగతో పాటు పైకి వస్తుంది. లోతులోకి వెళ్ళాక మళ్ళీ కిందకి దింపుకోవాలి.

ఇవన్నీ నాకు తర్వాత తెలిసిన సంగతులు. ఆ రాత్రి మాత్రం నేను ఆయనతో మాట్లాడలేదు. నా కోపం డబ్బు గురించి కాదు. పడవ గురించే.

* * *

మాది తాళ్ళరేవు. కాకినాడ నుంచి యానాం వెళ్ళే దారిలో వస్తుంది. పక్కనే కోరంగి. ఒకప్పుడు దేశదేశాల ఓడలు ఆగిన రేవు అది. 1789లో ఒకసారి, 1839లో మరోసారి ఉప్పెన వచ్చి ఊడ్చేశాక మళ్ళీ కోలుకోలేదు. రేవు పోయినా పడవలు కట్టే చెయ్యి మాత్రం ఆ చుట్టుపక్కల ఊళ్ళలో మిగిలింది. మా తాత ఆ పనే చేశాడు, మా నాన్న ఆ పనే చేశాడు.

కాలవ గట్టున తాటాకుల షెడ్డు ఉండేది. నాన్న కాగితం మీద గీత గీయకుండా, తాడుతో కొలిచి, ఒక కన్ను మూసి చూసి నలభై అడుగుల బోటు నిలబెట్టేవాడు. తుమ్మకొయ్యల్లో సహజంగా వంపు తిరిగినవి ఏరి పక్కటెముకలుగా పెట్టేవాడు. పలకల సందుల్లో నూలు దట్టించి, కాచిన గుగ్గిలం పూసేవారు. ఆ వాసన ఇప్పటికీ నాకు ఎక్కడో ముక్కు చివర ఉంటుంది.

నాకు ఆ షెడ్డంటే ప్రాణం. అన్నయ్యకి చిరాకు. కానీ ఉలి ఇచ్చి పక్కన కూర్చోబెట్టుకున్నది అన్నయ్యని. నేను గుమ్మం దగ్గరికి వెళ్తే చాలు, "ఆడపిల్లకి ఇక్కడేం పనమ్మా, ఇంట్లోకి పో" అనేవాడు నాన్న. కోప్పడేవాడు కాదు, మెత్తగానే అనేవాడు. ఆ మెత్తదనం వల్లే ఎదురు చెప్పలేకపోయేదాన్ని. అన్నం క్యారేజీ ఇవ్వడానికి వెళ్ళినప్పుడు మాత్రం కాసేపు నిలబడి చూసేదాన్ని.

1996 నవంబరు 6 రాత్రి వచ్చిన తుపాను మా ప్రాంతం వాళ్ళెవరూ మర్చిపోలేరు. వెయ్యి మందికి పైగా పోయారు. వేటకి వెళ్ళిన బోట్లు ఎన్నో తిరిగి రాలేదు. భైరవపాలెంలో ఏడవని ఇల్లు లేదు. అప్పుడు నాకు పద్నాలుగేళ్ళు. ఆ తర్వాత రెండు నెలలకి నాన్న షెడ్డు విప్పేశాడు. కాకినాడలో అద్దె ఇల్లు తీసుకుని తలుపులు, కిటికీలు చేసే పనిలో చేరాడు. ఎందుకని మేము అడగలేదు, ఆయన చెప్పలేదు. ఆ తలుపులతోనే మమ్మల్ని చదివించాడు. పడవ అన్న మాట మా ఇంట్లో మళ్ళీ వినపడలేదు.

అలాంటి పడవని మావారు తెచ్చి మా వాకిట్లో పెట్టారు.

* * *

తెచ్చినంత ఉత్సాహం బాగుచేయడంలో ఉండదు కదా! రెండు ఆదివారాలు గోకారు, ఒక బకెట్టు రంగు కొన్నారు. ఇంతలో ఆఫీసువాళ్ళు వేరే రాష్ట్రంలో ప్రాజెక్టు అప్పజెప్పారు. సోమవారం వెళ్తే శుక్రవారం రాత్రి రావడం. పడవ మీద నీలం టార్పాలిన్ కప్పేశాం. పక్కింటివాళ్ళు మర్యాదగా చూపు తిప్పుకునేవారు.

ఆ జనవరిలో అమ్మ పోయింది. నేను వెళ్ళి కార్యక్రమాలు చూసుకుని, ఫిబ్రవరి చివర్లో నాన్నని వెంటబెట్టుకుని వచ్చాను. వీసా మీద ఆరు నెలలు ఉండొచ్చు. డెబ్బై ఒకటో ఏడు ఆయనకి. వచ్చిన రోజు నుంచీ హాల్లో సోఫా చివర, రైలుకోసం ఎదురుచూసే మనిషిలా కూర్చునేవాడు. పెడితే తినేవాడు. అడిగితే "బానే ఉందమ్మా" అనేవాడు. సోఫాకి ఎదురుగా కిటికీ. కిటికీలో నీలం టార్పాలిన్.

మూడు వారాలు దాని ఊసే ఎత్తలేదు. నాలుగో వారంలో ఒక తెల్లవారుజామున టక్... టక్... అని చప్పుడుకి మెలకువ వచ్చింది. స్వెట్టరు మీద తువ్వాలు చుట్టుకుని, నాన్న పడవ మీద మోకాళ్ళ మీద వంగి ఉన్నాడు. చేతిలో మా వంటింటి గరిటె. దాని కాడతో పై తట్టుని జానెడు జానెడుకీ కొడుతూ, చెవి పెట్టి వింటున్నాడు.

"అల్లుడుగారు దీన్ని చూసి కొన్నారా, విని కొన్నారా?" అన్నాడు నన్ను చూసి.

"చూసే కొన్నారు నాన్నా."

"అదీ సంగతి. పడవని వినాలి." మళ్ళీ కొట్టాడు. ఒకచోట ఖంగుమంది. అరడుగు పక్కన, పండిన గుమ్మడికాయ మీద కొట్టినట్టు బొద్దుగా పలికింది. "ఇక్కడ లోపల ఏదో చచ్చిపోయింది" అన్నాడు.

ఎలక అనుకున్నాను. కాదు, కొయ్య! బయటికి మొత్తం ఫైబర్‌గ్లాసే అయినా, ఈ పాత పడవల పై తట్టులో రెండు పొరల మధ్య ప్లైవుడ్ ఉంటుంది. బోల్టులు బిగించిన కన్నాల దగ్గర ఏళ్ళ తరబడి వాన నీళ్ళు దిగితే ఆ చెక్క లోపల్లోపలే కుళ్ళుతుంది. పైకి నున్నగా కనిపిస్తుంది. తప్పు కట్టినవాళ్ళది కాదు. నలభై ఏళ్ళ ఎండావానలది, సీలు మార్చకుండా వదిలేసిన చేతులది.

"ప్లాస్టిక్ పడవనుకున్నా. దీనికీ కొయ్య గుండే ఉంది" అన్నాడు నాన్న. నెల రోజుల్లో ఆయన నోటి నుంచి వచ్చిన పొడవైన మాట అదే.

* * *

మర్నాడు పొద్దున్నే పన్నెండేళ్ళ మావాణ్ణి పిలిచాడు. "రారా బాబూ, పని నేర్పిస్తా." వాడు అరగంట గరుకు కాగితం పట్టి రుద్ది, చెయ్యి నొప్పెట్టి, ఫోను మోగిందని లోపలికి వచ్చేశాడు. నేను మావారి పాత చొక్కా తొడుక్కుని బయటికి వెళ్ళాను.

"నువ్వెందుకమ్మా, వంట చూసుకో" అన్నాడు. అదే మెత్తటి గొంతు. ముప్పై ఏళ్ళ నాటిది.

"వంటయింది నాన్నా. డబ్బా మీద రాసింది చదవాలంటే నీకు నేనే కావాలి."

ఆయన ఏమీ అనలేదు. కాస్త పక్కకి జరిగాడు. అంతే, నాకు చోటిచ్చినట్టే లెక్క.

ఇంటి నుంచి పనిచేసే ఉద్యోగం కాబట్టి ఉదయం ఐదున్నర నుంచి ఎనిమిది దాకా మా ఇద్దరికీ అదే వేళయింది. ముందు కుళ్ళిన చోట పై పొరని చతురస్రంగా కోసి మూతలా పైకి లేపాం. లోపల చెక్క తడిసిన టీ పొడిలా చేతికొచ్చింది. అదంతా తవ్వి తీసేసి, వారం రోజులు ఫ్యాను పెట్టి ఆరబెట్టాం. ఫైబర్‌గ్లాసు పొడి ఒంటికి తగిలితే దురదగొండి ఆకు రాసుకున్నట్టే. ఆ పొడి ఊపిరితిత్తుల్లోకి పోకూడదు కాబట్టి మాస్కు తప్పనిసరి. మాస్కులు, కళ్ళద్దాలు, నిండు చేతుల చొక్కాలు, మెడకి, మణికట్లకి పిల్లల పౌడరు... మమ్మల్ని చూసి పోస్టు తెచ్చే అమ్మాయి నవ్వు ఆపుకోలేకపోయేది.

ఆ తర్వాత ఎపాక్సీ పని. ఐదు పాళ్ళ జిగురుకి ఒక పాలు గట్టిపరిచే ద్రవం కలపాలి. నేను పాళ్ళు కొలిచి పక్కన పెట్టి లోపలికి వెళ్ళి వచ్చేసరికి, నాన్న ఇంకాస్త ద్రవం పోసి కలుపుతున్నాడు.

"ఎక్కువ పోస్తే గట్టిగా పడుతుంది కదా" అన్నాడు.

"కాదు నాన్నా, ఇది పాళ్ళు తప్పితే సరిగ్గా గట్టిపడదు. మెత్తగానే ఉండిపోతుంది."

నమ్మలేదు. కొంచెం చెక్కముక్క మీద పూసి పక్కన పెట్టాడు. మూడు రోజులైనా అది వేలికి అంటుకుంటూనే ఉంది. నాలుగో రోజు ఆ ముక్కని నాకు చూపించి, "నువ్వు చెప్పిందే నిజం" అన్నాడు. ఇంజనీరింగ్ పట్టా తీసుకున్న రోజున కూడా నేను అంత పొంగిపోలేదు.

నాకూ బుద్ధొచ్చిన రోజుంది. ఒకసారే అయిపోతుందని కప్పు నిండా కలిపాను. అప్పటికే ఎండ ముదిరింది. రెండు మూడు నిమిషాల్లో కప్పు చేతిలో కాలిపోయేంత వేడెక్కి, పొగలు కక్కి, గడ్డకట్టి కూర్చుంది. ఆ జిగురు గట్టిపడేటప్పుడు వేడి పుట్టిస్తుంది. ఎక్కువ మొత్తం ఒకేచోట ఉంటే ఆ వేడి పోవడానికి దారుండదు. "మా గుగ్గిలానికి పొయ్యి పెట్టాలి, దీనికి పొయ్యి కడుపులోనే ఉంది" అన్నాడు నాన్న. ఆ రోజు నుంచి గుప్పెడు గుప్పెడే కలిపి, వెడల్పాటి పళ్ళెంలో పోసుకున్నాం.

కొత్త ప్లైవుడ్ ముక్కలు కోసి, ఎపాక్సీలో ముంచి పేర్చి, పైన కోసి తీసిన మూత మళ్ళీ అతికించి, అంచుల మీద గ్లాసు గుడ్డ పరిచి పూత వేశాం. బోల్టు కన్నాల దగ్గర ఇంకో కిటుకుంది. కావలసినదానికంటే పెద్ద కన్నం తొలిచి, దాన్ని చిక్కటి ఎపాక్సీతో నింపేసి, గట్టిపడ్డాక దాని మధ్యలో బోల్టుకి సరిపడా కన్నం వేయాలి. అప్పుడు సీలు పోయి నీళ్ళు దిగినా చెక్కని తాకలేవు. ఇది నేను పుస్తకంలో చదివి చెప్పాను. నాన్న కాసేపు ఆలోచించి, "ఇది మాకు తెలిసుంటే ఎన్ని బోట్లు ఇంకో పదేళ్ళు తిరిగేవో" అన్నాడు.

* * *

అన్నిటికంటే భయపడింది కీల్ దగ్గర. 250 కిలోల ఇనుము బొటనవేలంత లావు కంచు పిన్ను మీద వేలాడుతుంది. దాన్ని ఎత్తిపట్టేది ఒకే ఒక్క ఉక్కు తీగ. ఆ తీగ తెగితే పలక ఊడిపడినంత వేగంతో కిందకి వచ్చి పడవ అడుగుని బద్దలుకొట్టగలదు. మా తీగని నాన్న చేత్తో తాకలేదు. దూది తీసుకుని దాని పొడవునా నిమిరాడు. మూడు చోట్ల దూది పీచు చిక్కుకుంది. తెగిన పోగులు కంటికి కనిపించవు, దూదికి దొరుకుతాయి. "దీని కిందకెళ్ళి రంగేశారా అల్లుడుగారు!" అని రెండు చేతులూ తలమీద పెట్టుకున్నాడు.

ఒక శనివారం మావారు, పక్కింటాయన, నాన్న, నేను కలిసి పడవని దుంగల మీదికి, స్టాండ్ల మీదికి ఎత్తి, ట్రెయిలర్ లాగేసి, కారు జాకీతో కీల్‌ని అంగుళం అంగుళం కిందకి దింపాం. దుంగల్ని అడ్డంగా, నిలువుగా ఒకదాని మీద ఒకటి పేర్చిన తీరు నాన్నది. ఎవరి మాటా విననివాడిలా, ప్రతి రెండంగుళాలకీ ఆపించి కింద ఇంకో చెక్క దోపాడు. "జాకీని నమ్మకూడదు. జాకీ జారినా చెక్క పట్టుకోవాలి." పక్కింటాయనకి తెలుగు రాదు, నాన్నకి ఇంగ్లీషు రాదు. అయినా నాన్న అరచెయ్యి పైకెత్తితే ఆయన ఆగేవాడు, వేళ్ళు ఆడిస్తే దింపేవాడు.

పిన్ను బయటికి తీస్తే నడుము దగ్గర అరిగి సన్నబడింది. ఇనుములో కన్నం గుడ్డులా సాగిపోయింది. మెషిన్ షాపులో సాపు చేయించి, కంచు బుష్ వేయించి, కొత్త పిన్ను, కొత్త తీగ కొన్నాం. తెరచాప స్తంభాన్ని నిలబెట్టే ఉక్కు తీగలు కూడా అన్నీ మార్చేశాం. తొమ్మిదొందల పడవకి అప్పటికి రెండువేల ఆరొందలు అయింది. లెక్క రాసిన నోటుబుక్కు మావారికి చూపించలేదు. ఆయన అడగనూ లేదు.

* * *

నాన్న తిరుగు ప్రయాణం ఆగస్టు 19న. ఆయన్ని ఎక్కించకుండా పంపకూడదని మావారు ఆగస్టు 5 శనివారానికి ముహూర్తం పెట్టి, నలుగురు స్నేహితుల్ని పిలిచేశారు. జులై ఆఖరుకి పనులన్నీ అయిపోయాయి. ఒక్కటి తప్ప.

స్తంభానికి రెండు వైపులా లాగిపట్టే తీగలు పై తట్టు మీద ఉక్కు పట్టీలకి తగులుకుంటాయి. ఎడమ వైపు పట్టీ కింద కుళ్ళితే బాగుచేశాం. కుడి వైపు కొడితే ఖంగుమనే పలికింది. బాగానే ఉందనుకున్నాం. నాన్న మాత్రం ఆ రోజు దాని దగ్గరే కూర్చుని ఉన్నాడు.

"ఇదీ విప్పుదాం" అన్నాడు.

"బాగానే పలికింది కదా నాన్నా! విప్పితే కొయ్యడం, ఆరబెట్టడం, అతకడం... మూడు వారాలు పడుతుంది. నువ్వు ఎక్కకుండానే వెళ్ళిపోతావు. నువ్వు వెళ్ళాక చూస్తాంలే."

"వెళ్ళాక చూస్తాం..." అని ఆ మాటే తిరిగి అన్నాడు. చాలాసేపు ఉలి అంచు బొటనవేలితో నిమురుతూ ఉండిపోయాడు. తర్వాత చెప్పాడు. నా వైపు చూడకుండా, పడవతో చెబుతున్నట్టు చెప్పాడు.

ఆ ఏడాది అక్టోబరులో ఒక బోటు రిపేరుకి వచ్చిందట. ఆరుగురు వేటకి వెళ్ళే బోటు. అంతా చేసి, అడుగున మూడు సందులు మళ్ళీ దట్టించాలన్నాడట నాన్న. వేట రోజులు పోతాయి, దీపావళి అయ్యాక చూద్దాంలే అన్నాడట బోటు యజమాని. నాన్న సరేనన్నాడు. దీపావళి పదో తారీఖున. తుపాను ఆరున. ఆ బోటు రాలేదు.

"తుపానుకి కొత్త బోట్లే పోయాయి నాన్నా. ఆ మూడు సందుల వల్ల కాదు" అన్నాను. నా గొంతు నాకే వినపడలేదు.

"అందరూ అదే అన్నారు. నేనూ అదే అనుకుంటా. అయినా ఆ మూడు సందులూ వదిలేశానన్నది నాకు తెలుసు కదమ్మా."

మమ్మల్ని చదివించిన ఆ తలుపులూ కిటికీలూ అన్నీ ఆ క్షణంలో నా కళ్ళముందు నిలబడ్డాయి. ఇరవై ఏడేళ్ళు ఆ మాట ఆయన కడుపులోనే ఉంది. అమ్మకైనా చెప్పాడో లేదో.

నేను లోపలికి వెళ్ళి రెంచి తెచ్చాను. బోల్టులు నేనే విప్పాను. పట్టీ ఊడి వచ్చింది. కన్నం చుట్టూ చెక్క పొడిగానే ఉంది. ఊపిరి పీల్చుకున్నాను. నాన్న ఉలి నా చేతికిచ్చి, "ఇంకా లోపలికి" అన్నాడు. రెండంగుళాలు పోయేసరికి నల్లటి నీళ్ళు ఊరాయి. పైన గట్టి పొర, దాని కింద గుప్పెడు గుజ్జు. పట్టీని పట్టుకునే బోల్టుల్లో ఒకటి పూర్తిగా ఆ గుజ్జులోనే ఉంది.

అలాగే నీళ్ళలోకి దిగి ఉంటే, గట్టి గాలి వీచినప్పుడు పట్టీ ఊడి, స్తంభం ఎదుటి వైపుకి కూలేది. అక్కడ మా పిల్లలు కూర్చుని ఉండేవారు.

మావారికి ఫోను చేసి ముహూర్తం వాయిదా వేయమన్నాను. ఆయన కారణం అడిగారు. చెప్పాను. "మీ నాన్నగారు ఎలా చెబితే అలా" అన్నారు.

* * *

ఆ మూడు వారాల్లో ఇద్దరం పెద్దగా మాట్లాడుకోలేదు. అవసరం రాలేదు. నేను చెయ్యి చాపితే ఉలి చేతికొచ్చేది. ఆయన చెయ్యి చాపితే గుడ్డపేలిక అందించేదాన్ని. పూత ఆఖరి పొర ఆరకముందే ఆయన విమానం ఎక్కే రోజు వచ్చింది.

బయల్దేరే ముందు ఒక ఉలి నా చేతిలో పెట్టాడు. ఎవరో ఇంటిముందు పాత సామాన్లు అమ్ముతుంటే రెండు డాలర్లకి కొన్నది. ప్లాస్టిక్ పిడి తీసిపారేసి, పడవ మీద విరిగిపోయిన టేకు కమ్మీలోంచి చెక్కి కొత్త పిడి వేశాడు. నా చేతికి సరిపోయేలా సన్నగా చెక్కాడు. అది చూడగానే తెలిసింది.

"మీ అన్నయ్యకి నేర్పాను. వాడు సెల్‌ఫోన్ల షాపు పెట్టుకున్నాడు" అన్నాడు. ఇంకేదో అనబోయి ఆగి, "పదును వారానికోసారి చూసుకో" అన్నాడు. అంతకంటే క్షమాపణ మా నాన్నకి చేతకాదు. నాకూ అంతకంటే అక్కర్లేదు.

అక్టోబరు మొదటి ఆదివారం పడవ నీళ్ళలోకి దిగింది. రేవు దగ్గర స్తంభం ఎత్తేటప్పుడు పైన కరెంటు తీగలు లేవని రెండుసార్లు చూసుకున్నాం. టెక్సస్‌లో ఇంత చిన్న పడవల్లో పదమూడేళ్ళలోపు పిల్లలు లైఫ్ జాకెట్ వేసుకునే ఉండాలని చట్టం. మేము పెద్దవాళ్ళం కూడా వేసుకున్నాం. ట్రెయిలర్ మీద నుంచి పడవ జారి, ఒకసారి ఊగి, తేలింది. అందరూ చప్పట్లు కొడుతుంటే నేను లోపలికి దూరి, టార్చిలైటు వేసి ప్రతి సందూ తడిమాను.

చెరువు మధ్యకి వెళ్ళి కీల్ దింపి తెరచాప ఎత్తాం. గాలి అందుకోగానే పడవ కొంచెం ఒరిగి, నిలదొక్కుకుని, పరుగు తీసింది. అడుగు నుంచి తంబురా మీటినట్టు సన్నటి మోత మొదలైంది. నీటి వేగానికి కీల్ తీగ అలా మోగుతుందట. ఆ మాట ముందే చదివాను కాబట్టి సరిపోయింది గానీ, లేకపోతే గుండె ఆగేది.

మనకి అప్పుడు రాత్రి పదిన్నర. నాన్న మేలుకునే ఉన్నాడు. వాట్సాప్‌లో వీడియో పెట్టి తెరచాప చూపించాను, పిల్లల్ని చూపించాను, గట్టు చూపించాను. ఏదీ సరిగ్గా చూడలేదు.

"ఫోను అడుగున పెట్టు" అన్నాడు. పెట్టాను. ఆ మోత కాసేపు విన్నాడు. తర్వాత అడిగాడు: "నీళ్ళు ఎక్కడన్నా ఊరుతున్నాయా?"

లేవని చెప్పేద్దామనుకున్నాను. అర్ధరాత్రి ఆయన్ని ఎందుకు కంగారు పెట్టాలి? కానీ మా ఇద్దరి మధ్యా ఇక ఆ అబద్ధం ఇమడదు.

"కుడివైపు చిన్న కిటికీ అంచు నుంచి చుక్కచుక్క కారుతోంది నాన్నా. నీళ్ళు ఎగిరిపడ్డప్పుడు" అన్నాను.

అవతల కాసేపు నిశ్శబ్దం. తర్వాత ఒక చిన్న నవ్వు. అమ్మ పోయాక ఆ నవ్వు వినడం అదే మొదటిసారి.

"సరే అయితే, ఇంకా పనుంది" అన్నాడు. "ఆ కిటికీని ఇప్పుడే కదపకు. ఫిబ్రవరికి టికెట్టు చూడు."